1927 నాటి ‘చాంగ్’: అడవి బతుకులో నిజమెంత, అల్లిక ఎంత?

ఓటీటీలో ఏదైనా సిరీస్ మొదలయ్యే ముందు ‘నిజ సంఘటనల ఆధారంగా’ అని ఒక కార్డు పడుతుంది. వెంటనే ‘కథనం కోసం కొన్ని మార్పులు చేశాం’ అని మరో కార్డు. రెండో ఎపిసోడ్ అయ్యేసరికి సోషల్ మీడియాలో గొడవ మొదలవుతుంది. అందులో ఏది జరిగింది, ఏది కల్పించారు, మనకు చెప్పకుండా కల్పించారా అని. ఈ గొడవ ఓటీటీలతో పుట్టింది కాదు. సినిమాకి మాటలు రాకముందు నుంచే ఉంది. దాని మూలాలు తెలియాలంటే చూడాల్సిన సినిమాల్లో ‘చాంగ్’ ఒకటి.

1927లో విడుదలైన ఈ మూకీని మెరియన్ సి. కూపర్, ఎర్నెస్ట్ బి. షోడ్‌సాక్ అనే ఇద్దరు అమెరికన్లు తీశారు. పంపిణీ చేసింది పారామౌంట్. తీసింది సయాం దేశపు ఉత్తర కొండల్లో, నాన్ ప్రాంతంలో. సయాం అంటే ఇప్పటి థాయిలాండ్, ఆ పేరు 1939లో మారింది. కొన్నిచోట్ల ఈ కథ ఈశాన్య థాయిలాండ్‌లో జరిగిందని రాస్తుంటారు కానీ నాన్ ఉన్నది ఉత్తరాన, లావోస్ సరిహద్దు పక్కన. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం 1927 నాటి సినిమాలకు 95 ఏళ్ల గడువు 2022 డిసెంబరుతో తీరిపోయింది. దాంతో ఇలాంటి పాత సినిమాలు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. చూసినవాళ్లు మళ్లీ అదే ప్రశ్న వేస్తున్నారు. ఇది డాక్యుమెంటరీయా, కల్పితమా?

ముందు కథ ఏమిటో చూద్దాం

క్రూ అనే రైతు ఊరికి దూరంగా, అడవి మధ్యలో చెట్లు కొట్టి, కాస్త నేల చదును చేసుకుని వరి పండించుకుంటూ ఉంటాడు. భార్య చాంటూయి, ఇద్దరు పిల్లలు, మేకలు, ఒక గేదె, బింబో అనే పెంపుడు గిబ్బన్ కోతి. ఇల్లు పొడవాటి గుంజల మీద ఎత్తుగా ఉంటుంది, పశువులు దాని కింద. చీకటి పడితే నిచ్చెన పైకి లాగేసుకుంటారు.

చిరుత వచ్చి మేకల మీద పడుతుంది. పులి వస్తుంది. క్రూ ఊళ్లోకి వెళ్లి మనుషుల్ని తెస్తాడు. ఉచ్చులు పన్నుతారు, బల్లేలు, పాత తుపాకులు పట్టుకుని వేటకు దిగుతారు. ఆ ఆపద గట్టెక్కాక ఏదో జంతువు వరి చేనును తొక్కేసిపోతుంది. క్రూ గొయ్యి తవ్వి, పైన కొమ్మలు కప్పుతాడు. అందులో పడింది ఒక ఏనుగు గున్న. సినిమా పేరుకు అర్థం కూడా ఏనుగే. ఆ గున్నను ఇంటి గుంజకు కట్టేస్తారు. తల్లి ఏనుగు వెతుక్కుంటూ వచ్చి ఇంటినే కూల్చేస్తుంది. కుటుంబం ఊళ్లోకి పరుగు తీస్తుంది, వెనకే పెద్ద మంద వచ్చి ఊరిని తొక్కేస్తుంది. చివరికి జనమంతా కలిసి పెద్ద దుంగలతో దొడ్డి కట్టి, మందను అందులోకి తోలి పట్టుకుంటారు. క్రూ మళ్లీ అడవిలో ఇల్లు కట్టుకుంటాడు.

మొత్తం గంటా పది నిమిషాల లోపే. చేలో ఏనుగు పడితే ఎలా ఉంటుందో కుప్పం, పలమనేరు వైపు రైతులకు, పార్వతీపురం మన్యం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2025 మేలో కర్ణాటక నుంచి, అడవి ఏనుగుల్ని మళ్లించేలా శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగుల్ని ఆంధ్రప్రదేశ్ తెచ్చుకున్నదీ ఆ బాధతోనే. కాబట్టి కథకు మూలమైన భయం కల్పితం కాదు. తేల్చాల్సింది ఆ భయాన్ని తెరమీదకు ఎలా తెచ్చారన్నదే.

డాక్యుమెంటరీ, డాక్యుడ్రామా: ఏది ఏమిటి?

సినిమా పుట్టిన కొత్తలో రైలు స్టేషన్‌కు రావడం, ఫ్యాక్టరీ నుంచి కూలీలు బయటికి రావడం లాంటివి తీసి చూపించేవారు. వాటిని యాక్చువాలిటీలు అనేవారు. కథ ఉండేది కాదు, ఉన్నది ఉన్నట్టు ఒకటి రెండు నిమిషాలు. తర్వాత దూరదేశాల్లో తిరుగుతూ తీసే ట్రావెలాగ్‌లు వచ్చాయి.

‘డాక్యుమెంటరీ’ అనే మాట ఇంగ్లిష్ సినిమా సమీక్షల్లో స్థిరపడటానికి కారణం స్కాట్లాండ్‌కు చెందిన విమర్శకుడు జాన్ గ్రియర్సన్. 1926 ఫిబ్రవరిలో ఒక న్యూయార్క్ పత్రికలో, దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ సమోవా దీవుల్లో తీసిన ‘మోఆనా’ గురించి రాస్తూ ఆయన ఆ మాట వాడాడు. తర్వాత ఆయనే డాక్యుమెంటరీ అంటే వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడం అని నిర్వచించాడు. ఇది గమనించాలి. కెమెరా ముందు ఉన్నదాన్ని ముట్టుకోకూడదన్న నియమం మొదటినుంచీ ఉన్నది కాదు. చిన్న కెమెరాలు, చేత్తో పట్టుకునే సౌండ్ పరికరాలు వచ్చాక, 1960ల నుంచి ఆ ఆదర్శం బలపడింది.

డాక్యుడ్రామా అని ఇవాళ ఎక్కువగా అంటున్నది నిజంగా జరిగిన ఫలానా సంఘటనను నటులతో మళ్లీ ఆడించి చూపేదాన్ని. ఒక కుంభకోణం, ఒక హైజాక్, ఒక కోర్టు కేసు. ‘చాంగ్’ అలాంటిది కాదు. ఫలానా సంవత్సరం ఫలానా ఊరిని ఏనుగులు తొక్కేశాయన్న రికార్డు నుంచి తీసింది కాదది. అక్కడి మనుషులనే, అక్కడి పనులనే తీసుకుని, వాటి చుట్టూ ఒక కథ అల్లింది. దీన్ని కొందరు డాక్యుఫిక్షన్ అంటారు, చాలామంది వాడుకగా డాక్యుడ్రామా అనే అంటారు. పేరు ఏది పెట్టినా రెండింటి మధ్య తేడా ఒకటుంది. మొదటి రకంలో సంఘటన నిజం, మనుషులు నటులు. ‘చాంగ్’లో మనుషులూ పనులూ నిజం, సంఘటనల వరుస కల్పితం.

కుటుంబం ఎందుకు కావాల్సి వచ్చింది?

కూపర్ మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్, ఆ తర్వాత పోలండ్ తరఫున సోవియట్లతో పోరాడి ఖైదీ అయ్యాడు. షోడ్‌సాక్ కెమెరామన్, యుద్ధకాలంలో సైన్యానికి సినిమాలు తీశాడు. వీళ్లిద్దరూ మార్గరీట్ హారిసన్ అనే పాత్రికేయురాలితో కలిసి పర్షియాలో (ఇప్పటి ఇరాన్) బఖ్తియారీ సంచారజాతి వలసను చిత్రించారు. 1925లో వచ్చిన ఆ సినిమా ‘గ్రాస్’. వేలాది మనుషులు తమ మందలతో కారూన్ నది దాటడం, మంచు నిండిన జర్దే కూహ్ కొండ ఎక్కడం అందులో ఉంటాయి. మంచులో చెప్పుల్లేకుండా నడిచే మనుషుల్ని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కానీ ‘గ్రాస్’ చూశాక ఒక్క ముఖమూ గుర్తుండదు. జనసముద్రమే హీరో. ప్రేక్షకుడు పట్టుకోడానికి ఒక ఇల్లు, ఒక తల్లి, ఒక బిడ్డ లేరు. ఆ లోటే ‘చాంగ్’ స్వరూపాన్ని నిర్ణయించిందని నా అభిప్రాయం. ఈసారి పారామౌంట్‌కు చెందిన జెస్సీ లాస్కీ డబ్బు పెట్టాడు. కుటుంబం, దానికి ఆపద, పోరాటం, గెలుపు అన్న నాటకం పద్ధతిలో కథ సిద్ధమైంది. అక్కడ పనిచేస్తున్న అమెరికన్ మిషనరీలు, సయాం అధికార వర్గాలు సాయపడ్డాయి. అడవిలో ఏడాదికి పైగా పని సాగింది. షోడ్‌సాక్ మలేరియాతోనే కెమెరా తిప్పాడు.

ఆరు నిమిషాల రీలుతో పులి కోసం కాచుకోవడం

‘వేచి ఉండి, జరిగింది జరిగినట్టు తీయొచ్చు కదా’ అని మనకు తేలిగ్గా అనిపిస్తుంది. ఫోన్‌లో గంటలకొద్దీ వీడియో తీసే రోజుల్లో ఉన్నాం కాబట్టి. ఆనాటి లెక్క ఒకసారి వేద్దాం.

35 ఎంఎం ఫిల్ములో ఒక అడుగుకు 16 ఫ్రేములు. కెమెరాలో పట్టే రీలు సుమారు 400 అడుగులు అనుకుంటే 6,400 ఫ్రేములు. మూకీల కాలంలో సెకనుకు ఇన్ని ఫ్రేములని కచ్చితమైన కొలత లేదు, 18 అనుకుందాం. 6,400ను 18తో భాగిస్తే 355 సెకన్లు. అంటే ఆరు నిమిషాల్లోపు రీలు ఖాళీ. తర్వాత మార్చుకోవాలి. పులి ఎప్పుడు వస్తుందో తెలియదు, ఒకవేళ వచ్చినా నాలుగు సెకన్లలో మాయమవుతుంది. పైగా అప్పటి ఫిల్ముకు వెలుతురు విపరీతంగా కావాలి. దట్టమైన అడవిలో పగలే చీకటి, రాత్రి అయితే అసలు ఏమీ పడదు. అందుకే మూకీల్లో రాత్రి సీన్లు చాలావరకు ఎండలో తీసి, ఫిల్ముకు నీలిరంగు పట్టించినవే.

దీన్నిబట్టి వాళ్లకు మిగిలిన దారి ఒక్కటే. జంతువు కోసం కెమెరా కాచుకోలేదు, కెమెరా ఉన్నచోటికే జంతువును రప్పించాలి. ఫ్లాహర్టీ కూడా ఇదే చేశాడు. 1922లో విడుదలైన ‘నానూక్’ను ఉత్తర ధ్రువ ప్రాంతంలో తీసినప్పుడు మంచు ఇంటి లోపల వెలుతురు చాలక, ఒకవైపు గోడ లేని ఇగ్లూ కట్టించి, ఆ చలిలోనే కుటుంబాన్ని నిద్రపోయినట్టు పడుకోబెట్టాడు. నానూక్‌గా కనిపించిన వేటగాడి అసలు పేరు అల్లకారియల్లక్. తెరమీద భార్యగా కనిపించిన ఆమె అతని భార్య కాదు.

కొన్ని సీన్లు విప్పి చూస్తే

సినిమా మొత్తాన్ని నిజమా అబద్ధమా అని ఒకే ప్రశ్న అడిగితే జవాబు దొరకదు. ఒక్కో సీన్‌ను తీసుకుని వేరువేరుగా అడగాలి. మనిషి ఎవరు? పని ఎవరిది? కెమెరా లేకపోయినా ఇది జరిగేదా? ఈ వరుసలోనే జరిగేదా?

మొదట ఇంటిపనులు తీసుకుందాం. చెట్టు కొట్టే తీరు, వెదురు చీల్చి అల్లడం, వడ్లు దంచడం. ఇక్కడ క్రూ చేతుల్ని చూడాలి. గొడ్డలి ఎక్కడ పట్టాడు, చెట్టు ఏ వైపు కూలుతుందో ముందే ఎలా అంచనా వేశాడు, దంపుడులో ఆ లయ ఎలా కుదిరింది. ఇవి దర్శకుడు నేర్పితే వచ్చేవి కావు. ‘ఇప్పుడు దంచు’ అని ఎవరో చెప్పి ఉండొచ్చు, వెలుతురు కోసం రోలును ఆరుబయటికి జరిపి ఉండొచ్చు. అయినా ఆ పని వాళ్లది, ఆ నేర్పు వాళ్లది. నూరేళ్ల కిందటి ఉత్తర సయాం పల్లె బతుకుకు సినిమాలోని ఈ భాగం నికార్సయిన సాక్ష్యం. ఏనుగుల కోసం సినిమా చూసేవాళ్లు ఈ నిమిషాలను తోసుకుంటూ ముందుకు పోతారు. నాకు మాత్రం సినిమాలో అన్నింటికంటే విలువైనవి ఇవే.

అయితే ఆ కుటుంబం కెమెరా కోసం కూర్చిన కుటుంబం. క్రూ, చాంటూయి నిజజీవితంలో భార్యాభర్తలు కారు. అంటే పని నిజం, బంధుత్వం కల్పితం.

రెండోది, ఉచ్చులు. బరువైన దుంగను ఎత్తి నిలబెట్టి, ఎర లాగగానే మీద పడేలా చేసే ఉచ్చు ఒకటి. కొమ్మలు కప్పిన గొయ్యి మరొకటి. వల ఇంకొకటి. ఇవి అక్కడి వేటగాళ్ల తెలివి. కానీ దుంగ పడే క్షణంలో కెమెరా సరిగ్గా ఎదురుగా, సరైన దూరంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. పైన వేసిన లెక్క గుర్తుంటే, ఆ జంతువును ఆ చోటికి తెప్పించి ఉంటారని అర్థమవుతుంది. యంత్రం నిజం, జంతువు నిజం, కలయిక ఏర్పాటు.

మూడోది, జనం ఎప్పుడూ చెప్పుకునే పులి దూకుడు. పులి సరాసరి కెమెరా మీదికి ఎగురుతుంది, దాని నోరు తెర నిండిపోతుంది. షోడ్‌సాక్ చెట్టు మీద మంచె కట్టించుకుని అక్కడి నుంచి తీశాడు. పులి అనుకున్నదానికంటే ఎత్తుకు ఎగిరింది. అందులో ట్రిక్కు లేదు, ఆ ప్రమాదం పచ్చి నిజం. కథలో మాత్రం ఆ పులి ఒక పల్లెవాసిని తరుముతుంది, అతను చెట్టెక్కుతాడు, పులి అతని మీదికి దూకుతుంది. ఇది కత్తెర పని. పరుగెత్తే మనిషిని ఒకచోట, దూకే పులిని మరోచోట తీసి పక్కపక్కన అతికిస్తే, చూసేవాళ్ల మనసు ఆ రెంటినీ ఒకే సంఘటనగా కలిపేసుకుంటుంది. ప్రతి ముక్కా నిజమే అయినా కలిపిన వాక్యం కల్పితం కావచ్చు. వాస్తవ చిత్రాల గురించి గందరగోళంలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. షాట్ నిజమని తెలిసినప్పుడు కథ కూడా నిజమేనని అనుకుంటాం.

నాలుగోది, తల్లి ఏనుగు ఇంటిని కూల్చడం. బిడ్డ కోసం ఆడ ఏనుగు ఎంతకైనా తెగిస్తుందన్నది జీవశాస్త్రం ఒప్పుకునే మాట. కానీ ఒక ఏనుగు గుంజను చుట్టి లాగడం, ఇల్లు ఒరిగిపోవడం, దాన్ని ఒకటికి మించి కోణాల్లో తీయగలగడం అనేవి మచ్చికైన ఏనుగు, కనిపించని మావటి లేకుండా కుదరవు. ఇక మందలు. ఆసియా ఏనుగులు ఆడ పెద్దల చుట్టూ చిన్న కుటుంబాలుగా బతుకుతాయి, ఒక గుంపులో సాధారణంగా పదీ ఇరవైకి మించవు. అంత పెద్ద మంద పగబట్టి ఊరి మీదికి రావడం పూర్తిగా కథకుల కల్పన. సినిమా కోసం చాలాచోట్ల నుంచి ఏనుగులను జమచేశారు.

ఆ మంద పరుగును తీసిన పద్ధతి మాత్రం తెలుసుకోదగ్గది. నేలలో గొయ్యి తవ్వి, పైన మందపాటి దుంగలు పరిచి, వాటి సందులోంచి కెమెరా పెట్టి షోడ్‌సాక్ లోపల కూర్చున్నాడు. ఏనుగులు తల మీదుగా వెళ్లాయి. తెరమీద మనకు కనిపించే ఆ పాదాలు నిజం పాదాలే, దుంగ విరిగితే మనిషి మిగలడు. న్యూయార్క్‌లోని రివోలి థియేటర్‌లో ఈ ఘట్టం రాగానే మాగ్నాస్కోప్ అనే ప్రత్యేక లెన్స్‌తో బొమ్మను అమాంతం పెద్దది చేసి చూపించారు. హాలులోని జనం ఉలిక్కిపడి ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

చివరిగా టైటిల్ కార్డులు. మూకీలో మాట అంటే తెరమీద పడే అక్షరాలే. కార్డుల్లో బింబో కోతికి కూడా డైలాగులు పెట్టారు. క్రూ నోటి మాటలుగా పడేవి అతను అన్నవి కావు, ఇంగ్లిష్‌లో అమెరికన్ ప్రేక్షకుల కోసం రాసినవి. నాలుగు ప్రశ్నలకూ పూర్తిగా ఓడిపోయే భాగం ఇదే. ఆ మనిషి ఏమనుకున్నాడో సినిమాలో ఎక్కడా లేదు.

ప్రాణాలు మాత్రం నిజంగానే పోయాయి

పులులు, చిరుతలు కెమెరా ముందే చనిపోతాయి. నటన కాదు. ఇవాళ చూస్తుంటే గుండె చివుక్కుమంటుంది, అలా అనిపించడం సహజం. ఆనాడు మాత్రం పులిని చంపడం వీరత్వం. సయాంలోనే కాదు, మన దగ్గర జమీందార్లు, దొరలు చచ్చిన పులుల మీద కాలుపెట్టి ఫోటోలు దిగిన రోజులవి.

హాలీవుడ్‌లో జంతువుల భద్రతను ఒక సంస్థ పర్యవేక్షించడం మొదలైంది 1940 నుంచి, ఒక సినిమా షూటింగ్‌లో గుర్రాన్ని కొండ అంచు నుంచి దూకించి చంపిన గొడవ తర్వాత. థాయిలాండ్ వన్యప్రాణి రక్షణ చట్టం 1960లో వచ్చింది, మన దేశంలో 1972లో. ఇప్పుడు మన సినిమాల్లో జంతువు కనిపించాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. ‘చాంగ్’ తీసిన నాటికి ఇవేవీ లేవు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పల్లెవాళ్లు తమ మేకల్ని కాపాడుకోడానికి చిరుతను చంపడం ఒకటి. సినిమాకు సీన్ కావాలని చంపించడం మరొకటి. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏర్పాటు చేసిన సీన్ల మీద అభ్యంతరాల్లో నాకు అన్నింటికంటే బరువైనదిగా తోచేది ఇదే. వడ్లు దంచడాన్ని మళ్లీ చేయించొచ్చు, చావును అలా చేయించడానికి వీల్లేదు.

తెరమీదికి రాని సయాం

సినిమా మొదట్లోనే పాత్రల పరిచయంలో ఈ మనుషులు ఎన్నడూ సినిమా చూడనివాళ్లనీ, ఈ మృగాలు ఆధునిక తుపాకీని ఎరగనివనీ, మూడో పాత్ర అడవేననీ చెబుతారు. చదవగానే కాలం ఆగిపోయిన చోటికి వెళ్తున్నామన్న భావన కలుగుతుంది.

ఆనాటి సయాం అలా ఆగిపోయి లేదు. ఎవరి వలసా కాని స్వతంత్ర రాజ్యం. 1920ల తొలినాళ్లకే బ్యాంకాక్ నుంచి ఉత్తరాన చియాంగ్ మై దాకా రైలు నడిచింది. ఉత్తరాది అడవుల్లో బ్రిటిష్ కంపెనీలు దశాబ్దాలుగా టేకు కొట్టిస్తున్నాయి, దుంగలు లాగడానికి వేలకొద్దీ పెంపుడు ఏనుగులు. బ్యాంకాక్‌లో సినిమా హాళ్లున్నాయి. 1923లోనే హెన్రీ మెక్‌రే అనే హాలీవుడ్ దర్శకుడు సయాం వచ్చి, అక్కడి నటులతో ‘మిస్ సువన్నా ఆఫ్ సయాం’ తీశాడు. ‘చాంగ్’ విడుదలైన 1927లోనే థాయివాళ్లు తమ తొలి పూర్తి నిడివి కథాచిత్రం ‘చోక్ సాంగ్ చాన్’ సొంతంగా తీసుకున్నారు. మంద పట్టడం కూడా అడవి జనం అప్పటికప్పుడు కనిపెట్టిన ఉపాయం కాదు. దొడ్డిలోకి తోలి ఏనుగుల్ని పట్టే విద్య పాత రాజధాని అయుత్తయను ఏలిన రాజుల కాలం నుంచి అక్కడ ఉంది, మైసూరు ఖెడ్డాల లాంటిదే.

టేకు కంపెనీల గొడ్డళ్లు, రైలు, మార్కెట్, పన్నులు ఏవీ ‘చాంగ్’లో లేవు. మనిషి ఒకవైపు, ప్రకృతి ఒకవైపు, మధ్యలో ఇంకెవరూ లేరు. సినిమాలో ఉన్నవాటి కంటే, తీసి పక్కన పెట్టినవాటి వల్లే నిజం ఎక్కువగా వంకర తిరిగింది. ఏర్పాటు చేసిన సీన్‌ను కనిపెట్టొచ్చు, అసలు చూపించనిదాన్ని బయటి ప్రేక్షకుడు కనిపెట్టలేడు.

ఎవరి వాదన ఏమిటి?

సినిమాను సమర్థించేవాళ్ల మొదటి మాట, పేరులోనే ఉంది కదా అని. పూర్తి పేరు ‘చాంగ్: ఎ డ్రామా ఆఫ్ ది వైల్డర్‌నెస్’, అంటే అడవిలో ఒక నాటకం. డాక్యుమెంటరీ అని వాళ్లు చెప్పుకోలేదు. అప్పటికి ఆ విభాగమే స్థిరపడలేదు. అప్పట్లో ఉష్ణదేశాల గురించి హాలీవుడ్ తీసే సినిమాల్లో కాలిఫోర్నియా స్టూడియోలో అట్టచెట్ల మధ్య రంగు పూసుకున్న అమెరికన్లే ఉండేవారు. వాటి పక్కన పెడితే సయాం మనుషుల్ని సయాం అడవిలో, తెల్లహీరో అనేవాడు లేకుండా, తమ కష్టాన్ని తామే గట్టెక్కేవాళ్లుగా చూపడం చిన్న విషయం కాదు. ఈ మాటలో బలం ఉంది.

ఎదుటివాళ్లు అనేది, పేరులో డ్రామా అని పెట్టి ప్రచారంలో మాత్రం అసలైన అడవి, అసలైన ప్రమాదం అన్నారని. టికెట్లు తెగింది ఆ ‘అసలు’ అన్న మాట మీదే. పైగా కథ రాసినవాళ్లు, డబ్బు తీసుకున్నవాళ్లు, పేరు తెచ్చుకున్నవాళ్లు బయటివాళ్లు. చేతులు మాత్రం క్రూవి. ఇదీ కాదనలేని మాట.

మానవశాస్త్ర పరిశోధకుల దారి మూడోది. వాళ్లు సినిమాను ఒప్పుకోవడమో తిప్పికొట్టడమో చేయరు, పొరలుగా విడదీస్తారు. ఇంటి కట్టుబడి, పనిముట్లు, ఉచ్చుల గురించి ఇది ఏం చెబుతోంది? 1920ల అమెరికన్లు ఆసియా గురించి ఏం కలలు కన్నారో ఇది ఏం చెబుతోంది? రెండింటికీ ఒకే సినిమా సాక్ష్యం. నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించింది ఈ దారే. అయితే దీనిలో ఒక పరిమితి ఉంది. పొరలు విడదీయాలంటే బయటి సమాచారం కావాలి, అది లేకుండా టికెట్ కొని చూసే ప్రేక్షకుడికి ఈ సౌకర్యం లేదు.

ఆస్కార్ల తికమక కూడా దీనికి తగ్గట్టే ఉంది. 1929 మేలో జరిగిన తొలి అకాడమీ అవార్డుల్లో ‘విలక్షణ, కళాత్మక చిత్రం’ అనే విభాగం ఉండేది. ఒక్క ఏడాదే ఇచ్చి తీసేశారు. ‘చాంగ్’, ‘ది క్రౌడ్’, ‘సన్‌రైజ్’ పోటీపడ్డాయి, ‘సన్‌రైజ్’ గెలిచింది. మిగతా రెండూ పక్కా కథాచిత్రాలు. డాక్యుమెంటరీకి అప్పటికి విభాగమే లేదు కాబట్టి ‘చాంగ్’ వాటి పక్కనే నిలబడాల్సి వచ్చింది.

‘చాంగ్’ తర్వాత ఏమైంది?

ఈ ఇద్దరు దర్శకులూ నేరుగా కల్పనలోకి నడిచారు. షోడ్‌సాక్ సుమత్రా అడవుల్లో ‘రాంగో’ తీశాడు, 1931లో వచ్చింది. 1933లో ఇద్దరూ కలిసి ‘కింగ్ కాంగ్’ తీశారు. అడవికి కెమెరా మోసుకెళ్లి ప్రమాదాన్ని చిత్రించాలనుకునే అందులోని దర్శకుడి పాత్రకు కూపరే నమూనా. ఊరిని తొక్కేసే భారీ జంతువు, పరుగెత్తే జనం, కూలే ఇళ్లు చూస్తుంటే ‘చాంగ్’ వాసన తెలిసిపోతుంది.

మరోవైపు ‘చాంగ్’ లాంటి సినిమాలు సంపాదించిన నమ్మకాన్ని వాడుకున్నవాళ్లూ వచ్చారు. 1930లో ‘ఇంగాగి’ అనే సినిమా ఆఫ్రికాలోని కాంగోలో తీసిన నిజమైన యాత్రా చిత్రమని చెప్పుకుని విపరీతంగా ఆడింది. తీరా చూస్తే చాలా సీన్లు లాస్ ఏంజెలెస్‌లో తీసినవి, గొరిల్లా తోలు తొడుక్కున్నది చార్లెస్ జెమోరా అనే నటుడు, మరికొన్ని ముక్కలు పాత సినిమాల్లోంచి ఎత్తినవి. విషయం అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్లింది. దీన్ని నిజమైన యాత్రా చిత్రంగా ప్రచారం చేయకూడదని కమిషన్ అడ్డుకట్ట వేసింది.

ఆ కేసులో తప్పుగా తేలింది సీన్లు ఏర్పాటు చేయడం కాదు, గొరిల్లా వేషమూ కాదు. ప్రేక్షకుడికి ఇచ్చిన హామీ. ఆ కొలతతో చూస్తే ‘చాంగ్’కు మార్కులు చీలిపోతాయి. పేరు దగ్గర నిజాయితీ ఉంది, పోస్టర్ల దగ్గర అంత లేదు. అందుకే ఇప్పటికీ ఒక ఆర్కైవ్‌లో ఇది డాక్యుమెంటరీల అరలో దొరుకుతుంది, మరోచోట కథాచిత్రాల్లో.